ఢిల్లీ ఎయిర్‌పోర్ట్: సంక్రాంతి పొగమంచులో చాలా ఏళ్లు వాడాక

ఢిల్లీ ఎయిర్‌పోర్ట్ గురించి రాసేవాళ్లంతా టీ3 (మూడో టెర్మినల్) గోడ మీది ముద్రల చేతులతో మొదలుపెట్టి, కార్పెట్ మీదుగా నడిచి, లౌంజ్‌లో తేలతారు. ఆ సంగతులు ఎక్కడైనా దొరుకుతాయి. డ్యూటీ ఫ్రీలో ఏమున్నాయి, డిజియాత్రలో మొహం చూపిస్తే గేటు ఎలా తెరుచుకుంటుంది లాంటివన్నీ వదిలేస్తున్నా. ఉద్యోగం కోసం వచ్చి ఇక్కడే ఉండిపోయిన తెలుగువాణ్ని. ఈ ఎయిర్‌పోర్ట్‌కి నేను పెట్టే పరీక్ష ఒక్కటే. జనవరి రెండో వారంలో, తెల్లవారుజామున, నన్ను ఊరికి పంపుతుందా లేదా?

మన పెద్ద పండగ సరిగ్గా ఢిల్లీ పొగమంచు ముదిరిన రోజుల్లోనే వస్తుంది. పడమటి నుంచి వచ్చిన మేఘాలు ఒక జల్లు కురిపించి పోతాయి. నేల తడుస్తుంది. మర్నాడు ఆకాశం తేటపడి, గాలి పూర్తిగా ఆగిపోతుంది. అర్ధరాత్రి దాటాక మొదలైన మంచు పొద్దున తొమ్మిది, పది దాకా కదలదు. ఏ రైల్వే స్టేషన్‌కి వెళ్లినా బోర్డు నిండా ఆలస్యాలే. సంక్రాంతికి విజయవాడ వైపు రైలు టికెట్ దొరకడమే గొప్ప. దొరికినా ఉత్తరాది మంచు దాటి ఆ రైలు ఎప్పుడు చేరుతుందో రైల్వేవాళ్లే చెప్పలేరు. అందుకని విమానం.

నాకు ఈ ఎయిర్‌పోర్ట్ మీద ఇష్టం పుట్టించింది క్యాట్-3, అంటే దట్టమైన మంచులో విమానం దిగే పద్ధతి. పేరు వార్తల్లో వినే ఉంటారు. రన్‌వే దగ్గరి యంత్రాలు పంపే రేడియో సంకేతాలను విమానం అందుకుని, ఆటోపైలట్‌తో తనంతట తాను దిగుతుంది. పైలట్లు కాపలా కాస్తుంటారు. మామూలు క్యాట్-1 అయితే రన్‌వే మీద 550 మీటర్ల దూరం కనిపించాలి. ఢిల్లీలో ఉన్నది క్యాట్-3లో 'బి' రకం, దాంతో 50 మీటర్లు కనిపిస్తే చాలు. ఈ కనిపించే దూరాన్ని ఎవరూ కళ్లతో అంచనా వేయరు. రన్‌వే పక్కన పెట్టిన పరికరాలు కొలుస్తాయి. అందులో బెంగళూరులోని విమాన పరిశోధన సంస్థ ఎన్ఏఎల్ వాళ్లు మన దేశంలోనే తయారుచేసిన 'దృష్టి' కూడా ఉంది. 2015 నుంచి పుణె శాస్త్రవేత్తలు ఈ ఎయిర్‌పోర్ట్‌లోనే మకాం పెట్టి పొగమంచు ఎలా పుడుతుందో, ఎప్పుడు విడుతుందో పరిశోధిస్తున్నారు. ప్రయాణికుల్లో ఎంతమందికి ఈ సంగతి తెలుసో మరి.

కొన్నేళ్ల కిందట పండగ అయ్యాక తిరుగు ప్రయాణంలో, హైదరాబాద్ నుంచి రాత్రి ఆఖరి విమానాల్లో ఒకటి ఎక్కాను. ఢిల్లీ దగ్గర పడుతుండగా కెప్టెన్ గొంతు వినిపించింది. కింద 75 మీటర్లే కనిపిస్తోందని, ఆటోమేటిక్ ల్యాండింగ్ చేస్తున్నామని, ఫోన్లు ఫ్లైట్ మోడ్‌లో పెడితే చాలదు, పూర్తిగా ఆఫ్ చేయాలని చెప్పాడు. మామూలుగా ఈ మాట ఎవరూ పట్టించుకోరు. ఆ రోజు చుట్టూ ఫోన్లు ఒక్కొక్కటే ఆరిపోవడం చూశాను. కిటికీ అవతల బియ్యం కడిగిన నీళ్ల రంగు తప్ప ఇంకేం లేదు. రెక్క చివర లైటు వెలుగు ఆ తెలుపులోనే ఇంకిపోతోంది. ఇంకా ఎంత ఎత్తులో ఉన్నామో అనుకుంటుండగానే చక్రాలు నేలకి తగిలాయి. తగిలాక కూడా ఒక్క దీపం కనిపించలేదు. నా వెనక సీటాయన పక్కవాళ్లని హిందీలో అడిగాడు, "దిగిపోయామా?" అని.

అంతలా దిగిన విమానం గేటు దాకా వెళ్లడానికి మాత్రం ఎక్కడలేని టైం పట్టింది. నేల మీద నడిపించే ఆటోపైలట్ లేదు కదా. టాక్సీవే మధ్యలో పొదిగిన ఆకుపచ్చ దీపాలు చూసుకుంటూ, ముందు 'ఫాలో మీ' అని రాసున్న జీపు పోతుంటే దాని వెనక మెల్లగా పాకాం. 2019లో వచ్చిన 102 మీటర్ల టవర్‌లో కూర్చున్నవాళ్లకూ ఆ రాత్రి కిందంతా తెలుపే. గ్రౌండ్ రాడార్ తెర చూస్తూ ఒక్కో విమానాన్నీ కదిలిస్తారు. నాకేం విసుగు రాలేదు. ఇంటికి ఫోన్ చేసి ఈ కథంతా చెప్తే మా బావ, "అయితే పైలట్‌కి కళ్లు అక్కర్లేదన్నమాట" అన్నాడు. ఆ తర్వాత చాలాకాలం నేను ఎవరు అడిగినా ఢిల్లీ ఎయిర్‌పోర్ట్‌కి మంచు అడ్డం కాదని గట్టిగా చెప్పేవాణ్ని.

ఇప్పుడైతే కొంచెం సర్ది చెప్తాను. 50 మీటర్ల లెక్క దిగడానికే. లేవాలంటే దాదాపు 125 మీటర్లు కనిపించాలి. అంటే మంచు బాగా ముదిరితే వచ్చే విమానాలు దిగుతుంటాయి, వెళ్లేవి ఆగిపోతాయి. ఇంకా ఉంది. రన్‌వేకి క్యాట్-3 ఉంటే సరిపోదు, ఆ విమానానికీ ఉండాలి, ఇద్దరు పైలట్లకీ ఆ శిక్షణ ఉండాలి. చిన్న ఏటీఆర్ విమానాలకు ఆ సదుపాయం లేదు. శిక్షణ లేని పైలట్లు డ్యూటీలో ఉంటే, పక్క విమానం దిగిన రన్‌వే మీదే మీ విమానం దిగకుండా జైపూర్‌కో లక్నోకో పోతుంది. ఒకే మంచు, ఒకే రన్‌వే, అయినా రెండు విమానాలకు రెండు దారులు. లౌంజ్‌లో కూర్చుని "వాడు వెళ్లాడుగా, మనమెందుకు వెళ్లట్లేదు" అని అరిచేవాళ్లకు ఇది ఎవరూ వివరించరు. పైగా మంచులో విమానానికీ విమానానికీ మధ్య ఎడం పెంచాలి కాబట్టి గంటకు దిగేవి, లేచేవి బాగా తగ్గిపోతాయి. దేశంలో నాలుగు రన్‌వేలు ఉన్న ఎయిర్‌పోర్ట్ ఇదొక్కటే. అయినా క్యూ తప్పదు.

ఆ మధ్య ఒక భోగి రోజు జరిగింది చెప్పాలి. మా ఊరు గుడివాడ దగ్గర, కాబట్టి నాకు గన్నవరం విమానమే దిక్కు. తెల్లవారుజామున ఆరు లోపు బయల్దేరేది బుక్ చేసుకున్నా. మూడింటికి క్యాబ్ ఎక్కితే ముందు పోయే లారీ వెనక లైట్లు కూడా కనిపించడం లేదు. డ్రైవర్ కిటికీ దించి, తల బయటపెట్టి, రోడ్డు మధ్య తెల్ల గీత చూసుకుంటూ నడిపాడు. ఈ విమానం లేచినట్టే అనుకున్నా.

లేచింది. అరగంట కూడా ఆలస్యం కాలేదు. రన్‌వే మీద దూరం 125 దాటగానే వరసలో ఉన్నవాటిని ఒక్కొక్కటిగా వదిలారు, మాది ఆ వరసలో ముందే ఉంది. తెలుపులోంచి ఒక్కసారిగా పైకి తేలితే కింద దూదిపరుపు, పైన నక్షత్రాలు. నా పక్క సీటులో ఒక పెద్దావిడ, నోయిడాలో పెద్ద కొడుకు దగ్గర ఉంటారట. విజయవాడలో కూతురి కొడుక్కి ఆ సాయంత్రం భోగిపళ్లు. సంచిలో అక్షింతల పొట్లం, చిల్లర డబ్బుల మూట ఉన్నాయి. రేగిపళ్లు అక్కడే కొంటారట. "బాబూ, ఎనిమిదిన్నరకి దిగిపోతామా?" అంటే, "ఇంకేం భయం లేదండీ, కష్టమంతా ఢిల్లీలోనే, అది అయిపోయింది" అని నేనే ధైర్యం చెప్పాను.

గన్నవరం మీదకి వచ్చాక విమానం ఒక చుట్టు తిరిగింది. ఇంకో చుట్టు తిరిగింది. కృష్ణా జిల్లా పొలాల మీద, కాలవల మీద సంక్రాంతి పొద్దున పట్టే మంచు మనందరికీ తెలిసిందే. భోగిమంటల పొగ కూడా తోడైతే చెప్పక్కర్లేదు. ఎయిర్‌పోర్ట్‌కి పొడవైన రన్‌వే ఉంది, క్యాట్-3 లేదు. దేశంలో అది ఉన్నవి ఢిల్లీ, లక్నో, జైపూర్, అమృత్‌సర్, కోల్‌కతా, బెంగళూరు లాంటి కొన్ని చోట్లే. ఢిల్లీ మంచుని చీల్చుకుని వచ్చిన విమానం, అందులో సగం కూడా లేని మంచు ముందు ఆగిపోయింది. కాసేపటికి కెప్టెన్, ఇంధనం చూసుకోవాలి కాబట్టి హైదరాబాద్ పోతున్నామన్నాడు. దానికి నాకు కోపం రాలేదు. దిగలేనప్పుడు దిగకపోవడమే మంచిది.

కోపం వచ్చింది శంషాబాద్‌లో దిగాక, ఆ విమాన సంస్థ మీద. పేరు రాయను. విమానాన్ని ఓ మూల నిలిపారు. పది నిమిషాల్లో చెప్తామన్నారు. తొమ్మిది దాటింది, పది దాటింది, ఆ పది నిమిషాలు అలాగే ఉన్నాయి. కొంతమంది నల్గొండ, సూర్యాపేట వైపు వాళ్లు, "మేం ఇక్కడే దిగిపోతాం, మాకు ఇదే దగ్గర" అన్నారు. కుదరదన్నారు. లెక్కప్రకారం అందులోనూ న్యాయం ఉంది. ఒకరు దిగితే వాళ్ల బ్యాగు కిందనుంచి వెతికి తీయాలి, సెక్యూరిటీవాళ్లు మళ్లీ అంతా చూసుకోవాలి, ఆలోపు గన్నవరంలో మంచు విడిపోతే అందరికీ ఆలస్యం. ఈ నాలుగు ముక్కలు మైకులో చెప్పొచ్చుగా? చెప్పలేదు. "ఆపరేషనల్ రీజన్స్" అన్న మాటే మళ్లీ మళ్లీ. వెనక వరసలోంచి ఒకాయన, "పంతంగి టోల్‌గేట్ దగ్గర ట్రాఫిక్‌లో ఇరుక్కున్నా ఈపాటికి కోదాడ దాటేవాణ్ని" అంటే అందరం నవ్వాం. ఆ తర్వాత నవ్వులు కూడా ఆగిపోయాయి.

అసలు సంగతి బయటపడింది పదిన్నరకి. అప్పటికి గన్నవరంలో ఎండ వచ్చేసింది. మా అమ్మ ఫోన్ చేసి, "ఇక్కడ సూర్యుడు వచ్చేశాడు, మీరేం చేస్తున్నార్రా అక్కడ?" అంది. మంచు లేదు, విమానం ఉంది, ఇంధనం పోశారు. అయినా కదలదు. పైలట్ల డ్యూటీ గంటలు అయిపోవస్తున్నాయట. అలసిన పైలట్‌ని పంపకూడదన్న రూల్ మంచిదే, దాన్ని ఎవరూ తప్పుపట్టరు. ఢిల్లీలో క్యాట్-3 పైలట్లని వెతికి మరీ ఎక్కించినవాళ్లు, పండగ వారంలో గన్నవరానికి మంచు పడుతుందన్న సంగతి ముందే లెక్కలో పెట్టుకోకపోవడమే నాకు మింగుడుపడలేదు. రెండో జట్టు వచ్చేసరికి పదకొండున్నర. ఈలోపు ఒక బిస్కెట్ ప్యాకెట్, చిన్న కప్పు నీళ్లు ఇచ్చారు. వాతావరణం వల్ల ఆలస్యమైతే నష్టపరిహారం రాదని నాకు తెలుసు. ఆలస్యం రెండు గంటలు దాటితే తినడానికి పెట్టాలని కూడా తెలుసు. అడిగితే ఆ బిస్కెట్లే చూపించారు. పెద్దావిడ మాత్రం నా మీద కోపం తెచ్చుకోలేదు. "సాయంత్రంలోపు అయితే చాల్లే బాబూ, భోగిపళ్లు పొద్దున పొయ్యరుగా" అన్నారు. మధ్యాహ్నం ఒంటి గంట లోపే గన్నవరంలో దిగాం.

కాబట్టి నా పాత పొగడ్తకి ఒక షరతు చేరింది. ఢిల్లీ ఎంత ఆధునికమైనా అది సగం ప్రయాణమే. రెండో కొసలో ఏముందో, మధ్యలో ఉన్న సంస్థ ఎలాంటిదో కూడా చూడాలి.

ఢిల్లీ గొప్పకి కూడా గండి పడ్డ రోజులున్నాయి. 2024 భోగి అలాంటిదే. జనవరి 14 తెల్లవారుజామున కొన్ని గంటలు విజిబిలిటీ సున్నా. అప్పటికి ఒక రన్‌వే మరమ్మతుల్లో ఉండటంతో క్యాట్-3తో పనిచేస్తున్నది ఒక్కటే మిగిలింది. ఆ రోజు ఆలస్యాల మీద ప్రయాణికులు చేసిన, టీవీల్లో చూపించిన గొడవలు అందరికీ గుర్తుండే ఉంటాయి. మర్నాడే విమానయాన మంత్రి నాలుగో రన్‌వేని కూడా క్యాట్-3కి త్వరగా తెమ్మని చెప్పారు. మూడు గంటలకు మించి ఆలస్యం అయ్యేలా ఉంటే విమానాన్ని ముందే రద్దు చేయవచ్చని విమాన సంస్థలను నియంత్రించే డీజీసీఏ కొత్త పద్ధతి పెట్టింది. ప్రయాణికుడిగా నాకు ఈ రెండోది నచ్చింది. విమానంలో కట్టేసి కూర్చోబెట్టడం కన్నా, ఇంట్లో ఉండగానే లేదని చెప్తే వేరే దారి చూసుకోవచ్చు.

2025లో ఇంకో సంగతి జరిగింది. 10/28 అనే రన్‌వేకి ఒక కొస నుంచి దిగేవాళ్లకు క్యాట్-3 ఉండేది, రెండో కొసకి లేదు. విమానాలు గాలికి ఎదురుగా దిగుతాయి కాబట్టి మంచులో తూర్పు గాలి వీస్తే చిక్కే. ఆ లోటు తీర్చడానికి వేసవిలో రన్‌వే మూశారు. సరిగ్గా అప్పుడే తూర్పు గాలులు వీచి, మంచు లేని ఏప్రిల్‌లోనే గంటల ఆలస్యాలు. ఆ గోల భరించలేక మధ్యలో తెరిచి, వానాకాలంలో మళ్లీ మూసి పని చేశారు. బాగుచేయడానికి పడే బాధ కూడా ప్రయాణికుడే పడాలి మరి. టీ1, టీ2ల సంగతీ అంతే. 2024 జూన్‌లో వానకి టీ1 ముందు పాత కప్పు కూలి ఒక మనిషి ప్రాణం పోయింది. ఆ తర్వాత విమానాలు అటూ ఇటూ మారాయి. టీ2ని కొన్ని నెలలు మూసి బాగుచేసి తెరిచారు. టికెట్ కొన్న రోజున ఉన్న టెర్మినల్, ఎక్కే రోజున ఉంటుందన్న నమ్మకం పెట్టుకోకండి. టీ1కి, టీ3కి మధ్య రోడ్డు మీద కొన్ని కిలోమీటర్లు ఉంది. ముందురోజు రాత్రి ఒకసారి చూసుకుంటే ఆ టెన్షన్ ఉండదు.

మంచు సంగతి కాకపోయినా, నాకు నిజంగా హాయి అనిపించిన మార్పు ఒకటుంది. 2023 జూలైలో తెరిచిన ఈస్టర్న్ క్రాస్ టాక్సీవే. విమానం ఫ్లైఓవర్ ఎక్కి, కింద కార్లు పోతుండగా అటు నుంచి ఇటు దాటుతుంది. రెండు కిలోమీటర్ల పైచిలుకు పొడవు. ఇంతకుముందు మూడో రన్‌వే మీద దిగి టీ1కి వెళ్లే విమానం తొమ్మిది కిలోమీటర్ల దాకా తిరగాల్సి వచ్చేది, ఇప్పుడు రెండుతో సరి. పగటిపూట కిటికీ సీటు దొరికితే కింద బస్సులో వాళ్లు తలెత్తి చూడటం కనిపిస్తుంది. మా అక్క కూతురు ఒకసారి ఢిల్లీ వచ్చి వెళ్లాక, ఎర్రకోట కన్నా ఇదే ఎక్కువ చెప్పిందట వాళ్ల స్కూల్లో.

మంచే లేకపోతే అంతా సాఫీ అనుకోవడానికీ లేదు. 2025 నవంబర్ మొదట్లో విమానాల ప్లాన్లను కంట్రోలర్లకు అందించే మెసేజ్ వ్యవస్థ మొరాయించి, ఎనిమిది వందలకు పైగా విమానాలు ఆలస్యమయ్యాయి. ప్లాన్లను చేత్తో చూసుకుంటూ పంపించారట.

ఇంతకీ ఎక్కొచ్చా, వద్దా? నేనైతే ఎక్కుతాను. నాది భుజానికి ఒక బ్యాగు, కుర్చీలో కూర్చునే నిద్రపోగలను, ఆఫీసువాళ్లు ఒక రోజు అటూ ఇటూ అయినా ఏమనరు. రాత్రి ఢిల్లీలో దిగేటప్పుడు కెప్టెన్ ఫోన్లు ఆఫ్ చేయమంటే ఇప్పటికీ నాకు సరదాగానే ఉంటుంది. చంటిపిల్లలు, వీల్‌చైర్ అవసరమైన పెద్దవాళ్లు వెంట ఉంటే మాత్రం జనవరిలో తెల్లవారుజాము విమానం వద్దంటాను, టికెట్ ఎంత చవకైనా సరే. పదకొండు తర్వాతవి చూసుకోండి. అందులోనూ మీరు ఎక్కబోయే విమానం అంతకుముందు ఏ ఊరి నుంచి వస్తోందో ట్రాకింగ్ యాప్‌లో చూడండి. లక్నో, అమృత్‌సర్‌ల నుంచి వస్తుంటే ఆ ఊళ్ల మంచు కూడా మీ ఖాతాలోకే వస్తుంది. హైదరాబాద్ వెళ్లేవాళ్లకు నా గన్నవరం బాధ వర్తించదు, ఆ దారిలో నాకు పెద్దగా ఇబ్బంది ఎప్పుడూ రాలేదు. నేను మాత్రం పోయినసారి నుంచి గన్నవరానికి పొద్దుటి విమానం మానేసి మధ్యాహ్నందే తీసుకుంటున్నా. రేటు ఎక్కువే. భోగిమంట దగ్గరికి అందుకోవాలంటే ముందురోజే బయల్దేరాలి, సెలవు ఒకటి అదనంగా పోతుంది. సెలవులు లెక్కపెట్టుకునే ఉద్యోగమైతే ఈ సలహా మీకు పనికిరాదు.